లోతు ఎటువైపు

మా ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. పనిలో అందరూ మట్టం మేస్త్రి అనేవారు. కొన్నాళ్ళకు మేస్త్రి కూడా ఊడిపోయి ఉట్టి మట్టం మిగిలింది. నేల ఎత్తుపల్లాలు లేకుండా సమంగా ఉందో లేదో చూసి సిద్ధం చెయ్యడమే ఆయన పని కాబట్టి ఆ పేరు వచ్చింది. లోపలి నీళ్ళు కనపడే సన్నటి గొట్టం ఒకటి ఆయనకు ఉండేది. దాని నిండా నీళ్ళు పోసి, ఈ కొసన ఒకరూ ఆ కొసన ఒకరూ పట్టుకుంటే, రెండు చోట్లా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. నేల ఎక్కడ దిగిందో ఎక్కడ లేచిందో దానితోనే తెలిసిపోతుంది. ఇప్పుడు అద్దంలోంచి చూసే యంత్రాలు వచ్చాయి గానీ, ఆయన యంత్రంతో చూశాక కూడా గొట్టంతో ఇంకోసారి చూస్తేనే తృప్తిపడేవారు.

ఇంట్లో కూడా ఆ బుద్ధి పోయేది కాదు. పెనం మీద నూనె ఒక పక్కకు జారుతోందని నేను అంటే చాలు, వంటింట్లోకి వచ్చి స్టవ్వు కాలి కింద అట్టముక్క మడిచి పెట్టేవారు. మంచం కాళ్ళ కింద, బీరువా కింద, చివరికి మంచినీళ్ళ డ్రమ్ము కింద కూడా అట్టముక్కలే. ఊడ్చేటప్పుడు నేను ఒకటి పొరపాటున లాగేస్తే ఆ రోజంతా నాతో ముభావంగా ఉండేవారు. మా తమ్ముడు క్రేను నడుపుతాడు. వాడు మా ఇంటికి వచ్చినప్పుడల్లా, "అక్కా, మీ ఇల్లు ఇటుకల మీద లేదే, అట్టముక్కల మీద ఉంది" అనేవాడు. ఆయన నవ్వేవారు కాదు. నవ్వాపుకుంటున్నారని మీసం కదలడం చూస్తే తెలిసేది.

ఆయన ఎక్కువగా చేసింది మురుగు నీళ్ళ ప్లాంట్ల పని. వాటిని ఇప్పుడు అక్కడికక్కడ కట్టడం లేదు. ఫ్యాక్టరీలోనే మొత్తం తయారుచేసి, పెద్ద ట్యాంకులాంటి దాన్ని లారీ మీద తెచ్చి, క్రేనుతో గుంటలోకి దించేస్తారు. పైపులు తగిలిస్తే అయిపోయింది. చూసేవాళ్ళకు ఆ దించడమే పెద్ద పని అనిపిస్తుంది. కానీ అది వచ్చేసరికి నేల సిద్ధంగా ఉండాలి. పొదలు కొట్టాలి, గీతలు గియ్యాలి, గుంట తవ్వాలి, ఊట నీళ్ళు మోటారుతో తోడిపోస్తూ ఉండాలి, కంకర పరిచి దిమ్మిస కొట్టాలి, దానిమీద కాంక్రీటు బెడ్డు పొయ్యాలి. అదంతా ఆయన చేతి మీద జరిగేది. సున్నం డబ్బా పట్టుకుని నేలమీద మొదటి గీత గీసేది ఆయనే. ఆయన గీసిన చోటే తవ్వే బండి తవ్వుతుంది.

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున ముఖం కడుక్కుంటూ ఉండగా నోరు ఒక పక్కకు పోయింది. ఎడమ చెయ్యి కూడా మాట వినలేదు. ఆస్పత్రిలో కొన్నాళ్ళు, ఇంట్లో ఇంకా చాలా నాళ్ళు. నోరు సర్దుకుంది, చెయ్యి కూడా వచ్చింది. నడక బాగుంది, మాట బాగుంది, అన్నం తనే కలుపుకుని తినేవారు. అందరూ గండం గడిచిందన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆయన మాత్రం వాకిట్లో కూర్చుని రోడ్డు మీద పోయే లారీలను చూసేవారు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో నేను, ఆయన, ఆ అట్టముక్కలు. పనిలేక ఆయన రోజురోజుకీ చిక్కిపోతున్నట్టు ఉండేది.

అప్పుడు వచ్చింది మా క్వార్టర్ల పని. మేముండే వరసల వెనక పల్లపు స్థలంలో మురుగు ఎప్పుడూ మడుగు కట్టి ఉండేది. వాన పడితే అది వంటింటి తూము గుండా ఇంట్లోకి ఎదురు తన్నేది. అక్కడ ప్లాంటు పెట్టిస్తున్నారని తెలిసి వరసల్లో ఆడవాళ్ళమంతా సంబరపడ్డాం. ఆ పని తీసుకున్న కాంట్రాక్టరు ఆయన పాత కాంట్రాక్టరే. వయసులో చిన్నవాడు, ఎవరినీ గట్టిగా అనడు. ఇంటికి వచ్చి కూర్చుని టీ తాగి, చివరికి అసలు సంగతి చెప్పాడు.

"పెద్దాయనా, మీ ఇంటి వెనకే కాబట్టి అడుగుతున్నాను. ఒంట్లో ఓపిక ఉంటే గీతలు నువ్వే గియ్యి. ఇది బాగా కుదిరితే తర్వాత ఆస్పత్రి దగ్గర పెద్ద పని ఉంది, అదీ నీదే. కాస్త కష్టంగా అనిపిస్తే మాత్రం ఇంక ఇంటిపట్టున ఉండు. నిన్ను ఎండలో నిలబెట్టి నేను పాపం మూటగట్టుకోలేను."

ఆయన ఆలోచించలేదు. లేచి మేకుకు వేలాడుతున్న గొట్టాన్ని తీసి దులిపారు. నాకు ఆ క్షణమే తెలిసిపోయింది, ఈ ఒక్క పని మీద ఆయన తన బతుకంతా పెట్టేశారని. ఇది కుదిరితే మళ్ళీ మట్టం మేస్త్రి. కుదరకపోతే వాకిట్లో కుర్చీ.

రోజూ మధ్యాహ్నం నేనే క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని. ఇంటి వెనక సందు దాటితే స్థలమే. పొదలు కొట్టేశాక ఆ స్థలం ఇంత చిన్నదా అనిపించింది. తవ్వే బండి మట్టి తీస్తుంటే ముందు నల్లమట్టి, తర్వాత జిగురుమట్టి వచ్చింది. ఆ కింద ఊట పడింది. మోటారు ఆగితే చాలు, గుంట అడుగు మెరిసిపోయేది. ఆయన గట్టుమీద కూర్చుని మోటారు చప్పుడు వింటూ అన్నం తినేవారు. చప్పుడు కాస్త మారినా ముద్ద చేతిలో ఆగిపోయేది. "చెత్త అడ్డం పడింది, చూడండ్రా" అని కేకేసేవారు. వాళ్ళు వెళ్ళి చూస్తే నిజంగానే మోటారు గొట్టం మూతికి గడ్డి చుట్టుకుని ఉండేది. ఆయన ముఖంలో పాత వెలుగు వచ్చింది. రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకున్నారు. నేను లోలోపల ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆ ట్యాంకు ఒకే ఎత్తులో ఉండదు. ఒక చివర దానికి పొట్ట ఉంటుంది, మిగతా భాగం కంటే లోతుగా. ఇళ్ళ నుంచి వచ్చిన మురుగు ముందు ఆ పొట్టలోకే పడాలి. అందుకని గుంటలో కూడా ఒక చివర మెట్టులా దిగి లోతుగా ఉండాలి. మా స్థలంలో అయితే ఆ లోతు క్వార్టర్ల వైపు రావాలి. శుద్ధి అయిన నీళ్ళు రెండో చివర నుంచి కాలువలోకి పోవాలి.

ఆయనకు ఒక అలవాటు ఉంది. ఏ స్థలంలోనైనా గేటుకు వీపు పెట్టి నిలబడి, కాగితాన్ని అలాగే చేతిలో పట్టుకుని గీతలు గీసేవారు. ప్లాను కాగితాల్లో గేటు కింది వైపు వేసి ఉంటుందట, అందుకని అలా నిలబడితే కాగితం, నేల ఒకటిగా కలుస్తాయట. మా స్థలానికి గేటు క్వార్టర్ల వైపే ఉండేది. కానీ ఆ సందులోంచి ట్యాంకు లారీ పట్టదని కాలువ వైపు గోడ పగలగొట్టించి, అటు దారి తీశారు. పాత గేటుకు రేకులు కొట్టేశారు. గోడ పగలగొట్టించమని చెప్పింది ఆయనే. కాగితంలో ఉన్నది పాత గేటు, చూసుకోండి అని పనివాళ్ళందరికీ ఒకటికి రెండుసార్లు చెప్పింది కూడా ఆయనే. నేను క్యారేజీ విప్పుతుండగా నా చెవులతో విన్నాను.

లోతు గీత గీసిన రోజు నేను అక్కడ లేను. సాయంత్రం ఇంటికి వచ్చాక చేతులకు సున్నం ఉంటే వేడినీళ్ళు పెట్టాను. గీత బాగా వచ్చిందన్నారు. ఆ తర్వాత తవ్వారు, కంకర పరిచారు, కాంక్రీటు పోశారు. సూపర్‌వైజరు వచ్చి యంత్రం పెట్టి చూసి, "తాతా, అద్దం పరిచినట్టు ఉంది" అన్నాడట. ఆ మాట ఆయన నాతో చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పారు. బెడ్డు ఆరకుండా పొద్దునా సాయంత్రం నీళ్ళు తడిపించారు. అందరూ లోతు కొలిచారు, వెడల్పు కొలిచారు, మట్టం చూశారు. అది ఎటువైపు ఉందో చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మట్టం మేస్త్రి గీసిన గీత కదా.

ట్యాంకు వచ్చిన రోజు మా వరసలన్నీ ఖాళీ. అందరూ గట్టుమీదే ఉన్నారు. క్రేను మీద మా తమ్ముడే. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, గుంట పక్కన నిలబడి ఉన్నారు. పొద్దున ఆ చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది, నేను సాయం చెయ్యబోతే వద్దన్నారు. తమ్ముడు పైనుంచి, "బావా, పెళ్ళిచూపులకు వచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మీసం కదిలింది.

ట్యాంకు పైకి లేచింది. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు దాన్ని మెల్లగా తిప్పారు. మురుగు లోపలికి వచ్చే చోట ఫ్యాక్టరీవాళ్ళు ఎర్ర రంగుతో బాణం గుర్తు వేసి ఉంచారు, ఆ బాణం క్వార్టర్ల వైపు వచ్చేదాకా తిప్పి, గుంట మీదికి తెచ్చారు. కిందికి దిగుతూ దిగుతూ ఆగిపోయింది.

తమ్ముడు తల బయటపెట్టి చూశాడు. ఈసారి వాడి గొంతులో ఎకసెక్కం లేదు.

"బావా, పొట్ట ఇటుంది. లోతు అటుంది."

మోటారు చప్పుడు ఒక్కటే. కాంట్రాక్టరు గట్టు అంచుకు వచ్చి గుంటలోకి చూశాడు, ట్యాంకు వంక చూశాడు, మళ్ళీ గుంటలోకి చూశాడు. ట్యాంకును తిప్పి దించితే ఏమవుతుందని సూపర్‌వైజర్ని అడిగాడు. బాణం కాలువ వైపు పోతుంది, మురుగును చుట్టూ తిప్పి తీసుకెళ్ళడానికి వాటం చాలదు, మళ్ళీ ఇళ్ళల్లోకే ఎదురొస్తుంది అన్నాడు సూపర్‌వైజరు. ఇదంతా మాట్లాడుతున్నంతసేపూ ట్యాంకు గాలిలోనే ఉంది. నేను ట్యాంకును చూడలేదు. ఆయన జేబులోంచి కాగితం తీశారు. విప్పారు. ఒకసారి కాలువకు వీపు పెట్టి నిలబడ్డారు. తర్వాత క్వార్టర్లకు వీపు పెట్టి నిలబడ్డారు. మళ్ళీ తిరిగారు. అంతమంది ముందు, ఉతికిన చొక్కాతో, దారి అడుగుదామంటే మనిషి దొరకనివాడిలా అటూ ఇటూ తిరుగుతున్నారు. వెళ్ళి చెయ్యి పట్టుకుందామనుకున్నాను. వెళ్ళి మాత్రం ఏం చెప్తాను. ఆ కాగితంలో నాకు గీతలు తప్ప ఇంకేమీ కనపడవు.

చివరికి ట్యాంకును మళ్ళీ లారీ మీదే పెట్టేశారు.

కాంట్రాక్టరు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. పైగా అందరూ వినేలా, గేటు మారింది కాబట్టి ఇలా జరిగింది, ఎవరైనా పొరబడతారు, బెడ్డు పగలగొట్టి మళ్ళీ పోద్దాం అన్నాడు. పనివాళ్ళు కూడా అవునవును గేటు వల్లే అన్నారు. మా పక్కింటావిడ దారిలో నన్ను ఆపి, ఆ గేటు మార్చినవాళ్ళను అనాలి అంది. సాయంత్రానికి వరసలన్నీ గేటునే తిడుతున్నాయి.

ఆయన వెనక గుమ్మం మెట్టు మీద కూర్చున్నారు. నేను పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. అప్పుడు అన్నారు.

"గోడ పగలగొట్టించింది నేనే కదే."

"అవునండీ."

"కాగితంలో ఉన్నది పాత గేటని అందరికీ చెప్పింది నేనే."

"చెప్పారు. నేనూ విన్నాను."

"అయితే గేటు వల్ల కాదు."

నేను చేట కింద పెట్టాను.

"నిలబడిన చోటు గుర్తుంది. సున్నం డబ్బా మూత రాకపోతే రాయితో కొట్టాను, అదీ గుర్తుంది. ఎటు తిరిగి ఉన్నానో గుర్తు రావడం లేదు. ఇప్పుడు చెప్పమన్నా చెప్పలేను. రెండు వైపులూ ఒకేలా ఉన్నాయి నాకు."

డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. కాంట్రాక్టరుకు కూడా ఉన్నది చెప్పేద్దాం, మంచివాడు, అర్థం చేసుకుంటాడు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. చెప్తే ఇంకెప్పుడూ సున్నం డబ్బా చేతికివ్వడు అన్నారు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. అడుక్కుంటున్నట్టు ఉంది. నా దగ్గర ఏముందని నన్ను అడుక్కుంటారు, నేనేం చెయ్యగలను. చేట తీసుకుని మళ్ళీ ఏరడం మొదలుపెట్టాను.

తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాం కూడా. డాక్టరు చెయ్యి ఎత్తమన్నాడు, ఎత్తారు. ముక్కు ముట్టుకోమన్నాడు, ముట్టుకున్నారు. ఆ జబ్బు చేశాక కొందరికి అలా వస్తుంది, కొంత తగ్గుతుంది, కొంత తగ్గదు అన్నాడు. ఎంత తగ్గుతుందని నేను అడిగితే చూద్దామమ్మా అన్నాడు.

బెడ్డు పగలగొట్టే చప్పుడు మా వంటింట్లోకి వినిపించేది. గిన్నెలు అదిరేవి. ఆయన ఇంట్లో ఉండొచ్చు కదా, ఉండరు. వెళ్ళి ఆ గట్టుమీదే నిలబడేవారు. తను అద్దంలా పరిచిన దాన్ని ముక్కలు చేస్తుంటే చూసేవారు. నేను క్యారేజీ తీసుకెళ్తే, "మట్టం మాత్రం ఎక్కడా తప్పలేదు, చూశావా, ముక్కలు కూడా సమంగా లేస్తున్నాయి" అన్నారు. చూశానన్నాను.

మళ్ళీ గీత గీసే రోజు వచ్చింది. ఆ రోజు నేను కావాలనే పెందలాడే వెళ్ళాను. కాంట్రాక్టరు సున్నం డబ్బా తెచ్చి ఆయన చేతికే ఇచ్చాడు.

"ఈసారి కూడా నువ్వే గియ్యి పెద్దాయనా. నీ చెయ్యి పడితేనే నాకు ధైర్యం."

ఆయన డబ్బా తీసుకున్నారు. గుంటలోకి దిగారు. మధ్యలో నిలబడ్డారు. క్వార్టర్ల వైపు చూశారు, కాలువ వైపు చూశారు. అందరూ ఓపిగ్గానే ఉన్నారు, ఎవరూ తొందరపెట్టలేదు. ఆయన పెదాలు కదులుతున్నాయి, లోపల ఏదో లెక్క చూసుకుంటున్నారు. అరిచి చెప్పేద్దామా అనిపించింది, క్వార్టర్ల వైపండీ, మన ఇంటి వైపండీ అని. ఇన్ని రోజులుగా ఊరంతా అదే మాట కదా, నాకు కూడా వచ్చేసింది. కానీ అంతమంది మగవాళ్ళ మధ్య, ఆయన పనిలో, పెళ్ళాం గట్టుమీంచి చెప్తే ఆ తర్వాత ఆయనకు ఏం మిగులుతుంది. నోరు మూసుకున్నాను.

ఆయన పక్కనున్న కుర్ర మేస్త్రిని పిలిచి డబ్బా చేతిలో పెట్టారు. "చెయ్యి వణుకుతోందయ్యా, గీత వంకర పోతుంది. నువ్వు కానియ్యి" అన్నారు. చెయ్యి వణకలేదు. నాకు కనిపిస్తూనే ఉంది. చెయ్యి రాయిలా నిలకడగా ఉంది.

కాంట్రాక్టరు ఆ చెయ్యి వంక చూశాడు. సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఒంట్లో బాగా కుదుటపడేదాకా విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆస్పత్రి పని ఆ కుర్ర మేస్త్రి చూసుకుంటాడులే అన్నాడు. ఆయన సరేనన్నారు. టీ బాగుందా అని అడిగారు. బాగుందన్నాడు అతను. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపి వచ్చారు.

ట్యాంకు రెండోసారి వచ్చిన రోజు ఆయన రానన్నారు. నేను బలవంతపెట్టలేదు. కానీ తమ్ముడు క్రేను పక్కన ఆపి ఇంటికి వచ్చి కూర్చున్నాడు. "నువ్వు రాకపోతే నేను దించను బావా. వాళ్ళకు వేరే క్రేను తెచ్చుకోమని చెప్తాను. ఆ తిట్లేవో నీకే తగులుతాయి" అన్నాడు. వాడు ఆటపట్టిస్తున్నాడో నిజంగానే అంటున్నాడో నాకు తెలియలేదు. ఆయన చెప్పులు వేసుకున్నారు.

ఈసారి జనం పెద్దగా రాలేదు. ట్యాంకు లేచింది, తిరిగింది, గుంట మీదికి వచ్చింది. తమ్ముడు దాన్ని అక్కడ ఆపి, తల బయటపెట్టాడు. కాంట్రాక్టర్ని అడగలేదు, సూపర్‌వైజర్ని అడగలేదు.

"బావా, దించమంటావా?"

వాడు మంచికే అడిగాడు. ఆయన పరువు నిలబెడదామని అడిగాడు. అందరి కళ్ళూ ఆయన మీదికి తిరిగాయి. ఆయన ట్యాంకును చూశారు, గుంటను చూశారు. చూస్తున్నారు గానీ ఏమీ తెలియడం లేదని నాకు అర్థమైంది. అప్పుడు తల తిప్పి, గట్టు చివర ఆడవాళ్ళలో నిలబడి ఉన్న నా వైపు చూశారు.

నాకేం తెలుసు. లోతు క్వార్టర్ల వైపు రావాలని తెలుసు, బాణం ఎర్రగా ఉంటుందని తెలుసు, అంతే. నేనున్న చోటి నుంచి ఆ బాణం కూడా కనపడటం లేదు. అయినా తల ఊపాను.

ఆయన చెయ్యి ఎత్తారు. గొలుసులు కదిలాయి. ట్యాంకు దిగింది. సరిగ్గా కూర్చుందని కింద ఎవరో అన్నారు. కాంట్రాక్టరు వచ్చి ఆయన భుజం తట్టాడు. అందరూ పైపుల మీద పడ్డారు.

మేమిద్దరం ఇంటికి బయల్దేరాం. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఎక్కడికి వెళ్ళినా ఆయన ముందూ నేను వెనకా నడవడమే. ఆ రోజు సందు మొదలుకు వచ్చి ఆయన ఆగిపోయారు. అది మా సందే, అటు తిరిగితే మా గుమ్మం కనపడుతుంది. ఏమీ అడగలేదు, నిలబడ్డారు. నేను కాసేపు చూసి, ఆయన్ని దాటుకుని ముందుకు నడిచాను. వెనక చెప్పుల చప్పుడు వస్తోందా లేదా అని వింటూ నడిచాను.

ఆయన పోయేదాకా అలాగే నడిచాం.